క్యారవాన్‌లో నీలి నీళ్లు

రెండేళ్ల కిందటి ఎండాకాలం. ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో, అందులో ఏసీ సగం పనిచేసే షూటింగ్ ఫ్లోర్, ఫ్లోర్ నిండా గ్రాఫిక్స్ కోసం గోడలకూ నేలకూ పరిచిన ఆకుపచ్చ గుడ్డ. నేను చెప్పబోయే కేసు అక్కడ మొదలైంది. నా క్లినిక్ ఆ స్టూడియోకి దగ్గరే. జూబ్లీహిల్స్ వైపు ఎక్కే మలుపులో, ఒక టైలరింగ్ షాపు పైన ఉంటుంది. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే జనరల్ ఫిజీషియన్‌గా కూర్చున్నాను కాబట్టి సినిమావాళ్ల జలుబులూ జ్వరాలూ నాకు బాగానే తెలుసు. తెర మీద ఊరందరినీ చితకబాదేవాళ్లు ఇంజెక్షన్ చూడగానే అటు తిరిగి కళ్లు మూసుకుంటారు. వాళ్ల పేర్లు చెబుతానని ఆశపడి చదువుతున్నవాళ్లు ఇక్కడే ఆపేస్తే ఇద్దరికీ మంచిది.

నాకు నోరెక్కువని కాలనీలో పేరు. మందు కంటే తిట్టు ముందు పడుతుందని మా నర్సు స్వరూప వచ్చిన ప్రతి పేషెంటుకీ చెప్పి మరీ లోపలికి పంపుతుంది. స్వరూప మోతీనగర్ నుంచి వస్తుంది. నేను క్లినిక్ పెట్టిన కొత్తలో చేరింది, ఇప్పటికీ నన్ను భరిస్తోంది.

ఆ రోజు పొద్దున్నే సత్యం గారు వచ్చారు. ఆయన ప్రొడక్షన్ మేనేజర్. అంటే సినిమాకి ఏనుగు కావాలన్నా సూది కావాలన్నా టైముకి తెచ్చి నిలబెట్టే మనిషి. భీమవరం వైపు ఆయన. అతిథి మర్యాద విషయంలో ఆ జిల్లావాళ్లకు చెప్పేదేముంది, ఎదుటి మనిషి వద్దంటే మరింత వడ్డిస్తారు. ఆయన వెనక ఒక తెల్లమ్మాయి పొట్ట పట్టుకుని మెట్లెక్కింది. పేరు మార్తా అనుకుందాం. పోలండ్ నుంచి వచ్చింది. తాళ్ల మీద విన్యాసాలు చేయడం ఆమె వృత్తి. ఈ సినిమాలో హీరోయిన్‌కి డూప్, అంటే కథలో హీరోయిన్ కోట బురుజు మీద నుంచి దూకితే నిజంగా దూకేది ఈ అమ్మాయి.

"మేడమ్ గారూ, తెల్లవారుజాము నుంచి మోషన్సండి. మా తప్పేం లేదండి. సీలు సీసా తప్ప వేరే చుక్క నీళ్లు ఇవ్వలేదు. రేపు ఇండియా వెళ్లి పాడైపోయానని వాళ్ల దేశంలో చెప్పుకుంటే మాకెంత నామోషీ," అన్నారు సత్యం గారు.

"నేను పోలీసుని కాదు సత్యం గారూ. తప్పెవరిదో తర్వాత చూద్దాం. ముందు మీరు బయట కూర్చోండి. మీరుంటే ఆ పిల్ల నోరు విప్పదు."

పరీక్ష చేశాను. నీళ్లలా అవుతున్నాయి. జ్వరం లేదు. పొట్ట మెత్తగా ఉంది. నాలుక కాస్త ఎండింది. మార్తా చాలా బుద్ధిమంతురాలు, అడిగినదానికల్లా తిన్నగా జవాబు చెప్పింది. చివర్లో ఆమే ఒక ప్రశ్న వేసింది.

"అందరం ఒకే బంతిలో తిన్నాం డాక్టర్. నాకొక్కదానికే ఎందుకు? మీ కారం పడలేదా?"

ఈ కారం మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కొత్త దేశం వెళ్లిన వాళ్లకు వచ్చే విరేచనాలను ట్రావెలర్స్ డయేరియా అంటారు. దానికి చాలావరకూ కారణం క్రిములు, మసాలా కాదు. మనవాళ్లు విదేశాలకు వెళ్లినా ఇదే తంతు. చట్నీ పొడి సంచిలో మోసుకెళ్లినంత మాత్రాన ఎవరినీ వదలదు. వండి వేడిగా వడ్డించినదానితో భయం తక్కువ. వండాక చల్లారిపోయి ఉన్న కూర, కడిగిన నీళ్ల సంగతి తెలియని పచ్చి ముక్కలు, ఐసు, సబ్బు తగలని చేతులు, ఇవీ దారులు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు వీటిలో చాలా క్రిములతో చిన్నప్పుడే కుస్తీ పట్టి ఉంటారు, వాళ్ల పేగులు కొన్నిటిని గుర్తుపట్టి తరిమేస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ల పేగులకు ఆ పరిచయం లేదు.

మార్తాకి ఇదే చెప్పాను. ఇంకో సంగతి కూడా కాగితం మీద బొమ్మ గీసి చూపించాను, అది పాఠకులకూ కావాలి. ఈ విరేచనాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో క్రిమి చిన్నపేగు గోడకు అంటుకుని టాక్సిన్, అంటే ఒక విషపదార్థం, వదులుతుంది. ఆ విషం పేగు కణాల్లో నీటి కుళాయిలు తిప్పేస్తుంది. ఒంట్లో ఉప్పు పేగులోకి పోతుంది, ఉప్పు వెనకే నీళ్లు పోతాయి. గోడ మాత్రం చెక్కుచెదరదు. అందుకే జ్వరం ఉండదు, రక్తం పడదు. ఉప్పునూ చక్కెరనూ జంటగా లోపలికి లాక్కునే ద్వారం కూడా బాగానే పనిచేస్తూ ఉంటుంది. ఓఆర్‌ఎస్ నీళ్లు ప్రాణం నిలబెట్టేది ఆ ద్వారం గుండానే. రెండో రకం దుర్మార్గమైనది. ఈ క్రిమి పెద్దపేగు గోడలోకే చొరబడి, కణం నుంచి కణానికి పాకుతూ పుండు చేస్తుంది. జ్వరం వస్తుంది, మెలిపెట్టే నొప్పి వస్తుంది, రక్తమూ జిగురూ పడతాయి.

విరేచనాలు ఆపే మాత్రలు ఏ షాపులోనైనా దొరుకుతాయి. అవి క్రిమిని ముట్టుకోవు. పేగు కదలికను నెమ్మది చేస్తాయి, అంతే. మొదటి రకంలో విమానం ఎక్కాల్సిన పనిపడితే ఒకటీ అరా వేసుకోవచ్చు. రెండో రకంలో వేసుకోవడమంటే దొంగ ఇంట్లో ఉండగా బయట గడియ పెట్టినట్టు.

"ఇప్పటికి మొదటి రకంలానే ఉంది. కానీ రేపు ఏ రూపం తిరుగుతుందో చెప్పలేం. ఆపే మాత్రలు వద్దు. జ్వరం వచ్చినా రక్తం కనిపించినా ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్యి," అన్నాను.

మార్తా తన సంచిలోంచి వాళ్ల దేశం నుంచి తెచ్చుకున్న మాత్రల షీటు తీసి నా బల్ల మీద పెట్టేసింది. "ఇక నా దగ్గర ఉండదు," అని నవ్వింది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీసుకుని, పెరుగన్నం అనే మాట పలకడం స్వరూప దగ్గర నేర్చుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున సత్యం గారు ఫోన్ చేశారు. గొంతులో పండగ.

"మేడమ్ గారూ, మీ హస్తవాసే హస్తవాసండి. నిన్నటి నుంచి పూర్తిగా ఆగిపోయాయి. ఇవాళ ఆఖరి షాట్ ఆ అమ్మాయిదే. అది అయితే గుమ్మడికాయ కొట్టేస్తాం. ఫిట్‌గా ఉందని మీరు ఒక్క మాట అంటే తాడెక్కిస్తాం."

షూటింగ్ మొత్తం పూర్తయిన రోజు దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టడం సినిమావాళ్ల ఆచారం. ఆ మాట వింటే యూనిట్ మొత్తానికి ప్రాణం లేచొస్తుంది. నాకూ సంతోషమేసింది. నేనూ మనిషినే, పొగిడితే ఉబ్బుతాను.

"ఏమైనా తింటోందా?" అన్నాను.

"తినట్లేదండి, పొట్ట ఉబ్బరంగా ఉందంటోంది. గ్యాస్ అయ్యుంటుంది. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. ఎండకి లెండి."

తగ్గిన మనిషికి ఆకలి వేయాలి. విరేచనాలు ఆగి, పొట్ట ఉబ్బి, జ్వరం వచ్చిందంటే అది తగ్గడం కాదు. "నేనొచ్చేదాకా ఆ పిల్లని తాడు దగ్గరికి కూడా వెళ్లనివ్వకండి," అని ఫోన్ పెట్టేసి, క్లినిక్‌లో కూర్చున్నవాళ్లకి దండం పెట్టి, స్వరూపని తీసుకుని ఆటో ఎక్కాను.

ఫ్లోర్ గుమ్మం దగ్గర గుమ్మడికాయ అప్పటికే సిద్ధంగా ఉంది, పసుపూ కుంకుమా పెట్టి, పైన కర్పూరం బిళ్లతో. లోపల లైట్లు వెలుగుతున్నాయి. తాడు పైనుంచి వేలాడుతోంది. ఫైట్ మాస్టరు దాన్ని లాగి చూసుకుంటున్నారు. మార్తా క్యారవాన్‌లో ఉంది. క్యారవాన్ అంటే ఆర్టిస్టులు మేకప్ వేసుకోవడానికీ విశ్రాంతికీ వాడే బస్సు లాంటి బండి. హీరోయిన్ లంగా ఓణీ కట్టించి, లోపల హార్నెస్ తొడిగారు. హార్నెస్ అంటే తాడుకి తగిలించే నడుము పట్టీల కవచం. దాని పట్టీ మొన్నటి రంధ్రంలో పడటం లేదని కాస్ట్యూమర్ విసుక్కుంటూ వదులు చేస్తున్నాడు. ఆ మాట విన్నాక నేనిక ఆగలేదు.

"విప్పేయండి. మొత్తం విప్పేయండి. మగవాళ్లందరూ బయటికి."

మార్తా నన్ను చూసి నవ్వింది. చెంపల మీద మేకప్ ఉంది కానీ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నాడి పట్టుకుంటే పరిగెడుతోంది. ఒళ్లు కాలిపోతోంది. పొట్ట నున్నగా, బిగుతుగా లేచి ఉంది. వేలితో తడితే డప్పు మీద కొట్టినట్టు మోగింది. స్టెతస్కోప్ పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న పేగులు ఎప్పుడూ ఏదో గుసగుసలాడుతుంటాయి, విరేచనాలు ఉన్నప్పుడైతే గోల గోల చేస్తాయి. నేను చెవి ఒగ్గి విన్నాను. బయట జనరేటర్ రొద తప్ప ఏమీ లేదు. స్టెతస్కోప్ జరిపి మళ్లీ విన్నాను. పొట్ట ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

"రక్తం పడిందా?"

"లేదు. మీరు చెప్పారుగా, ప్రతిసారీ చూశాను. లేదు."

"నిజం చెప్పు తల్లీ. షాట్ కోసం అబద్ధం ఆడకు."

ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. "అబద్ధం కాదు. నిజంగా చూశాను."

ఆమె చెప్పేది నిజమేనని నాకనిపించింది. కానీ చేతి కింద పొట్ట వేరే మాట చెబుతోంది. ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూశాను. క్యారవాన్ చివర చిన్న తలుపు. తెరిచాను. బాత్రూమ్. కమోడ్ మూత ఎత్తేసరికి లోపల ముదురు నీలం రంగు నీళ్లు, సిరా కలిపినట్టు.

క్యారవాన్‌కి డ్రైనేజీ ఉండదు. కిందనున్న ట్యాంకులో వాసన రాకుండా మందు కలుపుతారు, ఆ మందు రంగు నీలం. చీకటి గది, పైన మినుకు మినుకుమనే బల్బు, కింద సిరాలాంటి నీళ్లు. అందులో రక్తం కాదు కదా, కుంకుమ డబ్బా బోర్లించినా కనిపించదు. షూటింగ్‌లో పగలంతా ఆ అమ్మాయికి అదే బాత్రూమ్. పాపం, చూడమన్నానని ప్రతిసారీ వంగి చూసింది.

"ఆపే మాత్రలు వేసుకున్నావా?" అని అడిగాను.

"లేదు. నాది మీ బల్ల మీద పెట్టేశానుగా. వీళ్లు ఇచ్చిన ఇండియన్ మందులే వేసుకున్నాను." దిండు పక్కనుంచి మూడు షీట్లు తీసింది. ఒకటి మేకప్ చేసే అక్క ఇచ్చింది. ఒకటి కాస్ట్యూమర్ ఇచ్చాడు. మూడోది సత్యం గారు. ఒకరు శక్తికి అన్నారట, ఒకరు గ్యాస్‌కి అన్నారట, ఒకరు ఏమీ అనకుండా తల నిమిరి ఇచ్చారట. మూడు షీట్ల మీదా మూడు కంపెనీల పేర్లు, మూడు రంగులు. వెనక్కి తిప్పి సన్నటి అక్షరాలు చదివితే మూడూ ఒకే మందు. విరేచనాలు ఆపే మాత్ర.

సెట్లో ఇది రివాజు. షాట్ ఆగకూడదు. తలనొప్పి వస్తే నొప్పి ఆపే మాత్ర, దగ్గొస్తే దగ్గు ఆపే సిరప్, డబ్బింగ్ ముందు గొంతు పోతే గొంతుకి ఏదో స్ప్రే. ప్రతి డిపార్ట్‌మెంటు వాళ్ల సంచిలోనూ ఒక చిన్న మందుల షాపు ఉంటుంది. పరాయి దేశం పిల్ల బాధపడుతోందని ఎవరికి వాళ్లు జాలిపడి, ఎవరి మాత్ర వాళ్లు ఇచ్చారు. పక్కవాడు ఇచ్చిన సంగతి ఎవరికీ తెలియదు. అందరి ప్రేమా కలిసి ఆ పిల్ల పేగుని కట్టిపడేసింది. లోపల క్రిమి మాత్రం హాయిగా తన పని తాను చేసుకుంటోంది.

కిందికి దిగేసరికి సత్యం గారు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు.

"తాడు ఎక్కదు. ఆసుపత్రికి తీసుకెళ్లాలి," అన్నాను.

"మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను. హీరో గారు రేపు విదేశం వెళ్లిపోతారు, మళ్లీ డేట్లు దొరకవు. ఒక్క షాటండి. పైకెళ్తుంది, దిగుతుంది. దిగగానే మా కారులోనే తీసుకెళ్దాం. ఆగిపోయాయి కదండి, మరి ఇంకా ఏంటండి?"

లోపలి నుంచి మార్తా కూడా తలుపు పట్టుకుని నిలబడి బతిమాలింది. "డాక్టర్, నా జీవితంలో ఇంత పెద్ద షాట్ మొదటిది. చిన్న చిన్న సర్కస్‌లలో తిరిగాను. నేను ఎక్కకపోతే ఇంకొకరు ఎక్కుతారు. ప్లీజ్."

నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను అనుకుంటున్నది పొరపాటైతే ఒక సినిమా ఆఖరి రోజు పాడుచేసిన డాక్టరమ్మనవుతాను, ఫిల్మ్ నగర్‌లో మళ్లీ నన్ను ఎవరూ పిలవరు. పొరపాటు కాకపోతే ఆ నడుము పట్టీ బిగిసిన మరుక్షణం పేగు పగలొచ్చు. ఇదంతా వాళ్లకి మాటల్లో చెబితే ఎక్కదు.

"స్వరూపా, తెల్లటి గిన్నె ఏదైనా పట్రా," అన్నాను.

భోజనాల దగ్గర్నుంచి తెల్ల ప్లాస్టిక్ గిన్నె తెచ్చింది. మార్తాని లోపలికి తీసుకెళ్లి, "జర ఓపిక పట్టు బిడ్డా, ఎంతొస్తే గంతే సాలు," అంది. భాష తెలియకపోయినా ఆ అమ్మాయికి అర్థమైంది. కాసేపటికి స్వరూప గిన్నె మీద కాగితం కప్పుకుని బయటికొచ్చింది. ముఖంలో రంగు లేదు.

"మేడం, మీరే చూడుర్రి."

కాగితం తీశాను. మలం లేదు. చెంచాడు జిగురు, ఎర్రటి రక్తం. గిన్నె సత్యం గారి ముందు పెట్టాను. ఆయన చూశారు. గుమ్మం దగ్గరున్న గుమ్మడికాయ వైపు ఒకసారి చూసి, జేబులోంచి ఫోన్ తీసి డ్రైవర్‌కి చేశారు. "హీరో గారి బండే తియ్యరా. నేను చెప్పానని చెప్పు." ఆ తర్వాత రోజంతా ఆయన నోట షాట్ అనే మాట వినలేదు.

బంజారాహిల్స్‌లో ఆసుపత్రి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ ఎప్పటిలాగే కదలకుండా ఉంది. సత్యం గారు ముందు సీట్లోంచి దిగి, తెల్ల చొక్కా తడిసి ముద్దవుతుండగా, కార్లకి దండాలు పెడుతూ దారి చేయించారు. వెనక సీట్లో మార్తా నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ప్రతి కుదుపుకీ పళ్లు బిగపట్టేది కానీ మూలగలేదు. నా వేళ్లు ఆమె నాడి మీదే ఉన్నాయి.

సర్జన్ రఘు నా క్లాస్‌మేట్. ఎక్స్‌రే ఫిల్ము వెలుగులో పెట్టి చూపించాడు. పొట్ట అడ్డంగా పెద్దపేగు గాలితో నల్లగా, లావుగా పరుచుకుని ఉంది. అడ్డంగా ఉండే ఆ భాగం ఆరు సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని మేం చదువుకున్నాం. ఇది దాటేసింది. దీన్ని టాక్సిక్ మెగాకోలన్ అంటారు. పుండు పడిన పేగు కదలడం మానేసి, గాలి నిండి, బెలూన్‌లా సాగిపోవడం. అరుదుగా వస్తుంది. సాగి సాగి పగిలితే పేగులోని మురికంతా పొట్టలో పడుతుంది, ఆ తర్వాత మనిషి దక్కడం కష్టం.

"సాయంత్రం దాకా చూద్దాం. తగ్గడం మొదలుపెట్టకపోతే పొట్ట తెరిచి పెద్దపేగు తీసేయాల్సిందే. కొన్నాళ్లో, ఎప్పటికీనో, మలం పోవడానికి పొట్ట మీద సంచి ఉంటుంది. ఆ అమ్మాయికి దాచకుండా చెప్పు," అన్నాడు రఘు.

చెప్పాను. మార్తా నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. "తాడు మీద చేతులతో వేలాడతామని అందరూ అనుకుంటారు. కాదు డాక్టర్. బలమంతా ఇక్కడ ఉంటుంది. ఇది కోస్తే నేను ఇంకేం చేయాలి?"

నేను చెయ్యి అక్కడే ఉంచాను.

ముక్కులోంచి గొట్టం వేసి పైనుంచి గాలి లాగడం మొదలుపెట్టారు. రక్తనాళంలో సెలైన్, యాంటీబయాటిక్. విరేచనాల్లో పోయిన పొటాషియం తక్కువగా ఉంది, అది తక్కువైనా పేగు కదలదు, అందుకని అదీ ఎక్కించారు. నోటి ద్వారా ఏమీ లేదు. ఇంకో చిట్కా ఉంది. మనిషిని అటూ ఇటూ తిప్పుతూ, మధ్యలో మోకాళ్ల మీదా మోచేతుల మీదా వంచితే గాలి కిందికి జారే దారి దొరుకుతుంది. రోగులు సామాన్యంగా దీనికి ఏడుస్తారు. మార్తా ముక్కులో గొట్టంతో, చేతికి సెలైన్‌తో, జ్వరంతో వణుకుతూ చెప్పిన ప్రతిసారీ ఒంగింది. స్వరూప పక్కనే ఉండి, "గిట్ల తిరుగు బిడ్డా, జర గట్ల, నేను పట్టుకున్నా ఫికర్ చెయ్యకు," అంటూ తిప్పింది. క్లినిక్ సంగతి ఇద్దరం మర్చిపోయాం.

నేను వరండాలోకి వస్తే సత్యం గారు బెంచీ చివర కూర్చుని ఉన్నారు.

"మూడోది నేనిచ్చానండి. మా చిన్నమ్మాయి వయసుంటుంది. ఎండలో అలా మెలికలు తిరిగిపోతుంటే చూడలేక ఇచ్చాను. నేనే చంపేసినట్టవుతుందా మేడమ్?"

తిడదామని నోరు తెరిచాను. ఆ ముఖం చూసి తిట్టలేకపోయాను. "మీరు ఇచ్చింది మాత్ర. పుండు చేసింది క్రిమి. ఇప్పుడు ఏడవకండి, నాకు ఇంకో మనిషిని చూసే ఓపిక లేదు," అన్నాను.

ఆయన ముక్కు తుడుచుకున్నారు. "ఇప్పుడు మనం దేని కోసం ఎదురు చూస్తున్నామండి?"

"గాలి కోసం."

"ఏ గాలండి?"

"కింది నుంచి వచ్చే గాలి సత్యం గారూ. అది వచ్చిందంటే పేగు కదిలినట్టు. ఆపరేషన్ లేనట్టు."

ఫోన్ మోగినప్పుడల్లా ఆయన తల వంచుకుని, "ఇంకా రాలేదు సార్... లేదు సార్, గాలి సార్... అవును సార్, అదే సార్," అని చెబుతున్నారు. కాసేపటికి డైరెక్టరు, తర్వాత మేకప్ అక్క, ఆ తర్వాత హీరో గారి మనిషి. మాత్ర ఇచ్చిన కాస్ట్యూమర్ అయితే ఫోన్లో ఏడ్చేశాడు. కోట్ల సినిమా ఆపేసి, ఫిల్మ్ నగర్‌లో ఇంతమంది ఒక పరాయి పిల్ల గాలి కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

మధ్యాహ్నం తీసిన ఎక్స్‌రేలో మార్పు లేదు. పెరగలేదు, తగ్గలేదు. నాడి అలాగే పరిగెడుతోంది. రఘు గంటగంటకీ వచ్చి పొట్ట నొక్కి చూసి వెళ్లాడు. పొద్దు వాలేసరికి ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేయమన్నాడు. మత్తు డాక్టర్ వచ్చి మార్తా బరువు అడిగాడు. ఆమె నా వైపు చూసింది. "ఇంకొక్కసారి ఒంగుతాను," అంది. రఘు గడియారం చూసి తలూపాడు.

నేను లోపల ఉండలేకపోయాను. వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా ఒళ్లో తల పెట్టుకుని వచ్చిన పిల్ల పొట్ట మీద కత్తి పడబోతోంది, దాన్ని ఆపడానికి నా చదువంతా కలిపి చేయగలిగింది ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

తలుపు తెరుచుకుంది. స్వరూప.

"మేడం, వచ్చింది. గట్టిగనే వచ్చింది. రూమంత వినబడ్డది."

నేను లోపలికి పరిగెత్తాను. మార్తా మోకాళ్ల మీద ఒంగి, దిండులో ముఖం దాచుకుని సిగ్గుతో నవ్వుతోంది. నవ్విన కొద్దీ మళ్లీ వస్తోంది. రఘు స్టెతస్కోప్ పెట్టి, తర్వాత తీసి నా చెవులకి తగిలించాడు. దూరంగా, సన్నగా ఒక గురగుర. నేను విన్న మంచి చప్పుళ్లలో అదొకటి. వెనక వరండాలో సత్యం గారి గొంతు ఆసుపత్రి అంతా వినిపించింది. "వచ్చింది సార్. వచ్చేసింది సార్." స్పీకర్‌లో పెట్టారేమో, అవతల చప్పట్లు కూడా వినిపించాయి.

రాత్రికి పేగు సన్నబడటం మొదలైంది. థియేటర్ లైట్లు ఆర్పేశారు. కొన్నాళ్లకు, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో షిగెల్లా అనే క్రిమి తేలింది. రెండో రకం బాపతే. గుప్పెడు కూడా అక్కర్లేదు, లెక్కపెట్టగలిగినన్ని లోపలికి పోయినా చాలు. ఎక్కడ్నుంచి వచ్చిందో రూఢిగా చెప్పలేను. ఆ తర్వాత ఒకరోజు వాళ్ల సెట్ చూడటానికి వెళ్లినప్పుడు మాత్రం సీలు సీసాలన్నీ ఐసు గడ్డల తొట్టిలో, కరిగిన మురికి నీళ్లలో మూతి దాకా మునిగి కనిపించాయి. వచ్చినవాళ్లంతా ఆ తొట్టిలోనే చేతులు పెట్టి సీసాలు తీసుకుంటున్నారు. సీలు లోపలి నీళ్లకే, మూతి బయట అంటుకున్నదానికి కాదు. ఇప్పుడు సత్యం గారి యూనిట్‌లో సీసాలు ఫ్రిజ్‌లో పెడుతున్నారు.

మార్తా షాట్ వేరే అమ్మాయి చేసింది. గుమ్మడికాయ మార్తా లేకుండానే కొట్టారు. అది తెలిసిన రోజు మార్తా ముక్కు గొట్టం వేసినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చింది. ఊరుకోమని నేను అనలేదు. కొన్ని నెలల తర్వాత ఒక వీడియో పంపింది. ఏదో ఊరి సర్కస్‌లో, ఎత్తున తాడు మీద తలకిందులుగా వేలాడుతోంది. స్వరూప ఆ విన్యాసం చూసి నోరు తెరిచింది. నేను ఆపి ఆపి చూసింది ఆమె పొట్టని. ఒక్క కుట్టు మచ్చ లేదు.

ఆగడం వేరు, తగ్గడం వేరు. ఇంత చదువు చదివిన నాకు ఆ తేడా అంత భయంకరంగా ఎప్పుడూ కనిపించలేదు. ఎవరైనా ఆగిపోయిందని చెబితే ఇప్పుడు వెంటనే మూడు సంగతులు అడుగుతాను. ఆకలేసిందా, జ్వరం ఉందా, ఏమేం మింగారు. షీట్లు తెచ్చి చూపించమంటాను. రక్తం లేదంటే ఎక్కడ చూశారని కూడా అడుగుతాను.

సత్యం గారు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. మొన్న ఒక కెమెరామన్ కోసం చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు.

"మేడమ్ గారూ, ఇతనికి నిన్నటి నుంచి మోషన్స్ ఆగాయండి. సంతోషపడమంటారా, కారు తీయమంటారా?"